మారతహళ్ళిలో రెండు ఆదివారాల బ్రౌజర్ తరగతి

వెబ్ పేజీ బ్రౌజర్‌లో ఎలా తెరుచుకుంటుందో వివరించే రెండు ఆదివారాల తరగతికి గత నెల బెంగళూరు మారతహళ్ళిలోని ఒక శిక్షణ కేంద్రానికి వెళ్ళాను. ఆ వీధిలో కోర్సుల బోర్డులకు కొదవ లేదు కనుక పెద్దగా ఆశ పెట్టుకోలేదు గానీ, మొదటి ఆదివారం మధ్యాహ్నానికే కట్టిన మూడు వేలు గిట్టుబాటయ్యాయనిపించింది.

బోధించినాయన నెల్లూరు వారు; పాఠం ఇంగ్లీషులోనే సాగినా, సందేహాలకు తెలుగులో ఓపికగా జవాబిచ్చారు. అమెరికాలో ఉన్న సర్వర్ నుంచి ఒక పేజీని తెరిచి, బ్రౌజర్‌లోనే ఉండే పరిశీలన పనిముట్లైన డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్‌లోని మొదటి గీతను విప్పి చూపించారు. సైటు పేరును బట్టి సర్వర్ చిరునామా చెప్పే డీఎన్ఎస్‌లో వెతకడం, సర్వర్‌తో టీసీపీ కనెక్షన్, మాటలు మూడోవారికి తెలియకుండా కాపాడే టీఎల్ఎస్ ఒప్పందం, ఇవన్నీ ముగిశాకే పేజీని అడగడం మొదలవుతుంది. ఇక్కడి నుంచి అక్కడికి ఒక్కసారి కబురు వెళ్ళి రావడానికే 200 మిల్లీసెకన్లు దాటుతుంది.

తరువాత నెట్ వేగాన్ని 3జీకి తగ్గించి, పైనుండే హెడ్ భాగంలో స్క్రిప్ట్ (జావాస్క్రిప్ట్ ఫైలు) ఉన్న పేజీని తెరిచారు. తెర చాలాసేపు తెల్లగానే ఉండిపోయింది. పేజీని రాసే భాష హెచ్‌టీఎంఎల్‌ను చదువుతూ వస్తున్న బ్రౌజర్, మామూలు స్క్రిప్ట్ ట్యాగ్ ఎదురైతే ఆ ఫైలు దిగి, నడిచి పూర్తయ్యేవరకు అక్కడే ఆగిపోతుందట. ఆయన ఆ ట్యాగ్‌లో 'డిఫర్' (పేజీ చదవడం పూర్తయ్యాకే నడుపు) అన్న ఒక్క మాట చేర్చి మళ్ళీ తెరిచేసరికి శీర్షికలు ముందే కనిపించాయి. ఆ రాత్రే మా వదిన పచ్చళ్ళ సైటులో చాట్ స్క్రిప్టుకు అదే మాట చేర్చాను. అదే 3జీలో ఆరు సెకన్లకు గానీ కనిపించని ఆవకాయ ధర రెండున్నర సెకన్లకే కనిపించింది. బొమ్మలకు వెడల్పు, ఎత్తు రాయకపోవడంతో అవి దిగాక మిగతా పేజీ జరగడం వల్లే 'కొనండి' బటన్ వేలి కిందినుంచి జారిపోతోందని కూడా అక్కడే తెలిసింది.

రెండో ఆదివారం మాత్రం నీరసంగా నడిచింది. పేజీలను తెచ్చే నియమావళిలో కొత్త రూపమైన హెచ్‌టీటీపీ/3, టీసీపీని వదిలి, యూడీపీ అనే మరో రవాణా పద్ధతి మీద నడిచే క్విక్‌ను ఎందుకు ఎంచుకుందో తెలుసుకోవాలని వెళితే, రెండు స్లైడ్లతో సరిపెట్టారు. టీఎల్ఎస్ ఒప్పందానికి రెండు రాకపోకలు కావాలని అక్కడ చెప్పింది పాత లెక్క. 2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3కు ఒక్కటి చాలు. నొక్కినప్పుడు పేజీ స్పందించే వేగానికి గూగుల్ కొలమానంగా 2024 మార్చి నుంచి ఐఎన్‌పీ ఉండగా, వారి స్లైడ్లలో ఇంకా దాని ముందటి కొలమానమైన ఎఫ్ఐడీయే ఉంది. ఈ మాట చెబితే ఆయన నొచ్చుకోకుండా రాసుకున్నారు.

జావాస్క్రిప్ట్ కొంతైనా రాసినవారికే ఈ తరగతి అందుతుంది. గదిలో పద్దెనిమిది మందికి నాలుగే ప్లగ్ పాయింట్లు కనుక లాప్‌టాప్‌ను ఇంటి దగ్గరే నిండా ఛార్జ్ చేసుకుని వెళ్ళండి.