మోటారు పీకేశాక కుదిరిన కాలరు

కుట్టు మిషను గురించి ఎవరు రాసినా దారం ఎక్కించడం దగ్గర మొదలుపెట్టి బాబిను దగ్గర ముగిస్తారు. అవన్నీ మిషనుతో వచ్చే కాగితంలోనే ఉంటాయి. నాకు చెప్పాలనున్నది ఒక్కటే సంగతి. కాలితో తొక్కే మిషను నెమ్మదిగా నడుస్తుంది. సొంత బట్టలు కుట్టుకోవడం కొత్తగా మొదలుపెట్టినవాడికి అంతకు మించిన వరం ఆ మిషనులో ఇంకోటి లేదు.

మాది శ్రీకాకుళం జిల్లా, పలాస పక్కన కాశీబుగ్గ. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రెడీమేడ్ చొక్కా భుజాల దగ్గర సరిపోతే నాకు పొట్ట దగ్గర పట్టేస్తుంది, పొట్టకి సరిపోతే భుజాలు మోచేతుల మీదికి దిగుతాయి. పెళ్ళిళ్ళ రోజుల్లో టైలరుకి ఇచ్చిన చొక్కా ఎప్పుడొస్తుందో అందరికీ తెలిసిందే. అందుకని 2017లో ఇనుప స్టాండుతో మిషను కొన్నాను. "ఈ రోజుల్లో ఎవరు తొక్కుతారు సార్" అని కొట్టాయన దానికో చిన్న మోటారు బిగించి మరీ పంపాడు.

ఆ మోటారు మీద నాకున్న కోపం ఇప్పటికీ చల్లారలేదు. పైజామాలకీ దిండు గలీబులకీ ఫర్వాలేదు, తిన్నటి కుట్లు సర్రున లాగేస్తుంది. తంటా అంతా కాలరు దగ్గర. కాలరు మొనలో పైగుడ్డ, కిందిగుడ్డ, మధ్యన బక్రం అనే గట్టిగుడ్డ, లోపలికి మడిచిన అంచులు, అన్నీ ఒకచోట పోగుపడతాయి. పెడలు మెల్లగా నొక్కితే మోటారు గుయ్యిమని మూలుగుతుందే గానీ సూది దిగదు. ఇంకొంచెం నొక్కామా, కట్టు తెంచుకున్న గిత్తలా ఉరుకుతుంది. మొన దగ్గర సూదిని గుడ్డలోనే ఉంచి, గుడ్డను నొక్కిపట్టే మిషను పాదం ఎత్తి, గుడ్డ తిప్పి, పాదం దించి మళ్ళీ కుట్టుకోవాలి. అక్కడ రెండు కుట్లు ఎక్కువ పడితే చాలు, ఒక మొన పొడుగు, ఒక మొన పొట్టి. కాలరు బటను పెట్టుకుని అద్దం ముందు నిలబడితే ఎదుటివాడికి ముందు అదే కనిపిస్తుంది.

ఇది ఆ ఒక్క మోటారు దోషం కాదు, ఆ రకానికే ఉన్నది. దాని పెడలు మోటారుకి వెళ్ళే కరెంటునే తగ్గిస్తుంది. కరెంటు తగ్గితే వేగంతోపాటు బలమూ తగ్గుతుంది. మందంగా ఉన్నచోట నెమ్మదీ కావాలి, బలమూ కావాలి. ఆ రెండూ కలిపి ఇవ్వడం దానివల్ల కాదు. పైగా మా వీధిలో దీపాలు పెట్టే వేళకి వోల్టేజి పడిపోతుంది. నాకు తీరిక దొరికేదీ ఆ వేళకే.

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా తీరప్రాంతం ఉద్దానంలో కొబ్బరీ జీడీ ఏమైపోయాయో చెప్పడానికి ఇది చోటు కాదు. స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. బడి లేదు, ఫోను లేదు. పెరట్లో విరిగిపడిన కొమ్మలు ఎత్తిపోశాక పగటిపూట చేసే పనేమీ మిగల్లేదు. కాలరు ఒక్కటీ మిగిలిన చొక్కా ఒకటి మిషను మీదే ఉండిపోయింది. మోటారు బెల్టు తప్పించి, డ్రాయరు అడుగున పడున్న తోలు బెల్టు తీసి పెద్దచక్రానికి ఎక్కించాను.

తొక్కడం రెండు పాదాలతో వచ్చేస్తుందనుకుంటాం గానీ అది చేత్తో మొదలవుతుంది. పైన కుడివైపు ఉన్న చిన్నచక్రాన్ని చేత్తో మనవైపుకి తిప్పి, ఆ ఊపు అందుకుని కాలు కలపాలి. కాలు ముందు పడితే చక్రం వెనక్కి తిరుగుతుంది, దారం పుటుక్కుమంటుంది, లేదా గుడ్డ కింద చిక్కుపడి ఉండ కడుతుంది. ఓ పూట చిత్తుగుడ్డ మీద తొక్కితే కాలికి లయ దొరికింది.

తర్వాత కాలరు పెట్టాను. మొన దగ్గరపడేకొద్దీ కాలు తగ్గిస్తూ వచ్చాను. మిషను ఒక్కో కుట్టూ లెక్కపెట్టుకోగలిగేంత నిదానంగా నడిచింది. బక్రం అడ్డొచ్చినచోట ఆగుతుందేమో అనుకున్నాను, ఆగలేదు. కింద ఆ ఇనుపచక్రం బరువు ఊరికే లేదు, తిరుగుతున్న ఆ బరువే సూదిని లోపలికి తోసుకుపోతుంది. సరిగ్గా మలుపు గుర్తు మీద సూది దిగి ఆగింది. తిప్పాను. రెండో మొనా అంతే.

వీధి చివర టైలరు ఒకాయన ఉన్నాడు. కాలరు కత్తిరించడం నాకు నేర్పింది ఆయనే. ఆయన కొట్టు మీద రేకులు గాలికి ఎగిరిపోయాయి, అయినా అరుగు మీద కూర్చుని కాజాలు కుడుతున్నాడు. నా కాలరు మధ్యకి మడిచి రెండు మొనలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు.

"కరెంటొచ్చినాదేటి మాస్టారూ?"

"లేదు, తొక్కాను."

"అదీ! మోటారు మాకండి. పొద్దోయేసరికి సొక్కాలు దింపాల. మీకు తొందరేటి?"

కరెంటు వచ్చింది. మోటారు మాత్రం అటకెక్కింది.

ఈ నెమ్మది పల్చటి గుడ్డకీ కలిసొచ్చింది. పొందూరు సన్న ఖద్దరుతో లాల్చీ కుట్టుకోవాలని నాకు ఎప్పటినుంచో ఉంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, చేత్తో వడికి, మగ్గం మీద నేసిన గుడ్డ అది. దాని మీద కత్తెర వెయ్యాలంటే చెయ్యి ఆడలేదు. నీళ్ళలో నానబెట్టి ఆరేసి, కుంచించుకోవడం అయిపోయాకే కొలతలు గీశాను. మామూలు చొక్కాగుడ్డకి వాడే 14 నంబరు సూది తీసేసి 11 పెట్టాలి, కుట్టు కూడా కొంచెం చిన్నది చేసుకోవాలి. అన్నీ చేసినా మొదటి కుట్టు దగ్గర అంత సన్నగుడ్డని సూది తనతోపాటు కన్నంలోకి లాక్కుపోతుంది. తొక్కుడు మిషనైతే ఆ మొదటి రెండు మూడు కుట్లూ చేత్తో చక్రం తిప్పుతూ, వెనక దారం కొసలు రెండూ పట్టుకుని దాటించవచ్చు. ఆ లాల్చీ వేసుకుని సంక్రాంతికి అత్తవారింటికి వెళ్ళాను. ఎక్కడ కుట్టించావని అడిగినవాళ్ళున్నారు. మా మామగారు మాత్రం జేబు కొంచెం కిందికి పడిందన్నారు. నిజమే, పడింది.

ఇన్నాళ్ళ తర్వాత నెమ్మదిని అంతగా మెచ్చుకోలేని రోజులూ ఉన్నాయి. పైజామా కాళ్ళ పొడుగునా, దుప్పటి అంచుల వెంబడీ తొక్కుతుంటే పిక్కలు పట్టేస్తాయి. వానాకాలం తోలు బెల్టు సాగి చక్రం మీద జారిపోతుంది. మనం తొక్కుతూనే ఉంటాం, సూది నిలబడే ఉంటుంది. బెల్టు ఓ ముక్క కోసి క్లిప్పు మళ్ళీ బిగించుకోవాలి. ఎండలొచ్చేసరికి అదే బెల్టు బిగుసుకుని తొక్కుడు బరువెక్కుతుంది. రాత్రిపూట ఆ టకటక పక్కింటిదాకా వినిపిస్తుంది. ఇక ఖద్దరు అంచు పోగులూడిపోవడానికీ నెమ్మదికీ సంబంధమే లేదు. ఈ మిషనుకి తిన్నటి కుట్టు తప్ప ఇంకోటి రాదు గనుక, అంచుల్ని ముందు ఒకసారి కుట్టి, తిరగేసి, లోపల దాచేస్తూ మళ్ళీ కుట్టుకోవాలి. ఆ కాలరు కుదరడంలో తొక్కుడు వాటా ఎంత, టైలరు దగ్గర కత్తెర పట్టడం నేర్చుకున్న వాటా ఎంత అని అడిగితే, లెక్కల మాస్టారినై ఉండీ తేల్చలేను.

మా ఆవిడది వేరే మాట. చీరలకి ఫాల్సూ, నైటీలూ ఆవిడే కుట్టుకుంటుంది, అన్నీ బార్లా పోయే కుట్లే. "మీ కాలర్ల కోసం నా మోకాళ్ళు అరగాలా?" అంటుంది. న్యాయమే. అందుకే మోటారుని అమ్మలేదు.

కాబట్టి నా మాట నాలాంటివాళ్ళకే. ఎప్పుడో తీరినప్పుడు ఒక చొక్కా కుట్టుకునేవాళ్ళు, కింది వాటాలో ఉండేవాళ్ళు, స్టాండుకి ఒక మూల ఇవ్వగలిగినవాళ్ళు, మోకాళ్ళు ఇంకా మాట వింటున్నవాళ్ళు తొక్కుడు మిషను మీద మొదలుపెట్టండి. జాకెట్లు కుట్టి నాలుగు డబ్బులు సంపాదిద్దామనుకునేవాళ్ళకి ఇది చాలదు. నెమ్మదిగా తిరిగినా బలం తగ్గని సర్వో మోటారు సంగతి వేరు, నా కోపం పాతరకం చిన్న మోటారు మీదే.

పాత స్టాండు దొరికితే కొత్తదానికి పోనక్కర్లేదు. కొనేముందు బెల్టు తీయించి కింది చక్రాన్ని ఒకసారి గట్టిగా తిప్పి వదలండి. పక్కకి ఊగకుండా, కాసేపు తనంతట తాను తిరగాలి. టక్కున ఆగిపోతే "నూనె వేస్తే పోద్ది బాబూ" అంటారు. నూనె వేయించి, మళ్ళీ తిప్పి చూసి, అప్పుడు డబ్బివ్వండి.