అమ్మ మోకాలు, కాక్రేన్ లైబ్రరీ: ఒక పాత మెడికల్ రెప్ రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నేను పంతొమ్మిదేళ్లు మందులు అమ్మిన మనిషిని. కోఠి, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి నా టెరిటరీ. టై కట్టుకుని, బ్యాగులో శాంపిళ్లు సర్దుకుని, పేషెంట్లందరూ అయిపోయాక లోపలికి పిలిస్తే రెండు నిమిషాల్లో నాలుగు బ్రాండ్లు చెప్పి బయటికొచ్చే ఉద్యోగం. మూడేళ్ల క్రితం మానేశాను. కాబట్టి ఈ రివ్యూని పాత దొంగ తాళాల గురించి రాసినట్టు చదువుకోండి.

కాక్రేన్ లైబ్రరీ ఒక వెబ్‌సైట్. ఏదైనా ఒక వైద్యం మీద ప్రపంచమంతటా జరిగిన ట్రయల్స్, అంటే మనుషుల మీద చేసి చూసిన పరీక్షలు, వెతికి పట్టుకుని, వాటిలో నమ్మదగ్గవేవో, లోపాలున్నవేవో తేల్చి, అన్నీ కలిపి చూస్తే లాభమెంత, నష్టమెంత అని లెక్క కట్టి పెడతారు. ఆ లెక్కని సిస్టమాటిక్ రివ్యూ అంటారు. సారాంశం ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. పూర్తి రివ్యూ కూడా అచ్చయిన ఏడాది తర్వాత అందరికీ తెరుచుకుంటుంది.

నేను దీని జోలికి వెళ్లింది అమ్మ కోసం. ఆమెకి 66. సొంతూరు నల్గొండ పక్కన, ఇప్పుడు చైతన్యపురిలో మా దగ్గరే ఉంటుంది. ఏడాదిగా కుడి మోకాలు సతాయిస్తోంది. మెట్రో స్టేషన్‌లో దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, ఆగి, మళ్లీ దిగుతుంది. ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాం, పేరు అనవసరం. ఎక్స్‌రే, ఎమ్మారై అయ్యాక కుర్ర సర్జన్ ఫిల్మ్‌ని లైటు మీద పెట్టి, "కార్టిలేజ్ అరిగింది, లోపల కుషన్‌లా ఉండే మెనిస్కస్ కొంచెం చిరిగింది. రెండు చిన్న కన్నాలు పెట్టి లోపల క్లీన్ చేసేద్దాం. పొద్దున వస్తే సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు" అన్నాడు. కౌంటర్‌లో అమ్మాయి ప్యాకేజీ 90 వేలని కాగితం మీద రాసిచ్చింది. ఇన్సూరెన్స్ ఉందా అని రెండుసార్లు అడిగింది.

ఆ "క్లీన్ చేసేద్దాం" దగ్గర నాకు గుచ్చుకుంది. స్కూటర్ కార్బ్యురేటర్‌కి చెప్పినట్టు చెప్పాడు. ఇలాంటి మాటలు నేనూ ఎన్నో వాడాను, అందుకే గుచ్చుకుందేమో.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్‌లో సైట్ తెరిచాను. ఆ చిన్న కన్నాల ఆపరేషన్ పేరు మోకాలి ఆర్త్రోస్కోపీ. అది ఇంగ్లిష్‌లో కొడితే 2022 నాటి రివ్యూ వచ్చింది. వయసుతో అరిగిన మోకాళ్ల మీద 16 ట్రయల్స్, మొత్తం 2105 మంది. అందులో నాలుగు ట్రయల్స్ నన్ను లేచి కూర్చోబెట్టాయి. 380 మందిలో కొందరికి నిజం ఆపరేషన్, మిగతావాళ్లకి ఉత్తుత్తి ఆపరేషన్. అంటే థియేటర్‌కి తీసుకెళ్లి, చర్మం మీద గాటు పెట్టి, లోపల చెయ్యాల్సిన పనేదీ చెయ్యకుండా కుట్టేసి పంపారు. తనకి ఏది జరిగిందో పేషెంట్‌కి తెలియదు. ఇలాంటి వాటిలో పేరుపడ్డది 2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో చేసింది. మాజీ సైనికుల ఆసుపత్రిలో 180 మంది మీద.

ఫలితం ఇదీ. మూడు నెలలయ్యాక, సున్నా నుంచి వందదాకా ఉన్న నొప్పి స్కేలు మీద ఉత్తుత్తి ఆపరేషన్ వాళ్లది 40.1. నిజం ఆపరేషన్ వాళ్లది 35.5. తేడా అయిదు పాయింట్లు కూడా లేదు. నడవడం, మెట్లెక్కడం లాంటి పనుల స్కోరు ఉత్తుత్తి వాళ్లది 75.9, నిజం వాళ్లది 76. ఆ దశాంశాన్ని నేను రెండుసార్లు చూసుకున్నాను.

పొద్దున టీ తాగుతూ అమ్మకి చెప్పాను. ముందు నొప్పి సంగతి పట్టించుకోలేదు. "ఉత్తగనే కోసి కుట్టిండ్రా? పాపం, వాళ్లకి తెల్వదా?" అంది. తెలిసే ఒప్పుకున్నారని, ఉత్తుత్తిది కూడా జరగొచ్చని ముందే చెప్పి సంతకం తీసుకుంటారని చెప్పాను. "గట్లయితే మంచోళ్లే" అని గ్లాసు పక్కన పెట్టింది.

ఇప్పుడు నా పాత పాపం. డాక్టర్లకి చూపించే మా రంగుల పుస్తకంలో, అదే విజువల్ ఎయిడ్‌లో, ఒక పేజీ ఉండేది, ఎర్ర బాణం, పక్కన పెద్ద అక్షరాల్లో "రిస్క్‌లో 50 శాతం తగ్గుదల". డాక్టర్ గారి ముందు ఆ పేజీ దగ్గర పెన్ను ఆనించి ఒక్క సెకను ఆగమని ట్రైనింగ్‌లో నేర్పారు. యాభై శాతం ఎక్కణ్నుంచి వచ్చిందంటే, మందు లేకపోతే వందలో ఇద్దరికి వచ్చే జబ్బు మందు వాడితే ఒకరికి వస్తుంది. రెండులో సగం ఒకటి. లెక్క తప్పు కాదు. కానీ మిగతా తొంభై తొమ్మిది మంది ఆ మాత్ర మింగినా మింగకపోయినా వాళ్ల గతి అదే. అదే మాత్రతో కడుపునొప్పి వందలో నలుగురికి వచ్చి, లేనివాళ్లలో ఇద్దరికే వస్తే మాత్రం "రెట్టింపు" అని చెప్పేవాళ్లం కాదు. "స్వల్ప పెరుగుదల" అని, అదీ పేజీ కింద చీమ తలకాయంత అక్షరాల్లో వేసేవాళ్లం.

కాక్రేన్‌లో ఆ ఆట సాగదు. ప్రతి రివ్యూలో ఒక పట్టిక ఉంటుంది. మందు లేకుండా ఇంతమందికి, మందుతో ఇంతమందికి అని లాభాన్నీ నష్టాన్నీ ఒకే కొలతలో పక్కపక్కన పెడతారు. నాకు మొత్తం సైట్‌లో బాగా నచ్చింది ఆ పట్టికే. తొందర్లో ఉంటే మిగతాదంతా వదిలేసి అదొక్కటి చూసినా చాలు.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది. వాళ్లు వాడే మాటలకి మెట్లున్నాయి. సాక్ష్యం గట్టిగా ఉంటే "తగ్గిస్తుంది" అంటారు. ఒక మోస్తరుగా ఉంటే "బహుశా తగ్గిస్తుంది". బలహీనంగా ఉంటే "తగ్గించొచ్చు". మరీ బలహీనమైతే "చెప్పలేం". మొదట్లో ఇంగ్లిష్‌వాళ్ల నసుగుడు అనుకున్నాను. తీరా చూస్తే ఒక్కో మాట వెనకా ఒక గ్రేడు ఉంది. మోకాలి ఆపరేషన్‌తో నొప్పికి పెద్దగా ఉపయోగం లేదన్నది గట్టి సాక్ష్యం. అదే రివ్యూలో ఆపరేషన్ వల్ల తీవ్రమైన హాని ఎంతన్న దగ్గర సాక్ష్యం బలహీనం అని రాశారు. హానిని చాలా ట్రయల్స్ సరిగా లెక్క పెట్టకపోవడం ఒక పాత జబ్బు. కలిపి లెక్క కట్టేవాళ్లు లేని అంకెల్ని ఎక్కణ్నుంచి తెస్తారు?

ఆ లేని అంకెల కోసం వీళ్లు ఒకసారి పెద్ద గొడవే పడ్డారు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు మన గాంధీ ఆసుపత్రి ముందు ముక్కులకి రుమాళ్లు కట్టుకుని జనం నిలబడ్డ రోజులు గుర్తున్నాయా? అప్పుడు ప్రభుత్వాలు గోదాముల్లో నింపుకున్న టామీఫ్లూ అనే ఫ్లూ మందు మీద బయటికి రాని ట్రయల్ రిపోర్టులు ఇవ్వమని కాక్రేన్ బృందం ఏళ్ల తరబడి అడిగింది. చివరికి సంపాదించి 2014లో లెక్క తేల్చారు. పెద్దవాళ్లలో ఫ్లూ లక్షణాలు ఏడు రోజులుండేవి 6.3 రోజులకి తగ్గాయి. వికారం, వాంతులు పెరిగాయి. మా కొలువులో ఇది మామూలే. బాగా వచ్చిన ట్రయల్ ఆర్ట్ పేపర్ మీద రంగుల్లో అచ్చయి మా బ్యాగులోకి చేరేది. బాగా రానిది ఉందని కూడా మాకు తెలిసేది కాదు.

సంస్థ చరిత్ర రెండు ముక్కల్లో చెప్తా. ఆర్చీ కాక్రేన్ అనే స్కాట్లాండ్ డాక్టర్ పేరు పెట్టుకుని 1993లో ఇంగ్లండ్‌లో మొదలైంది. సైట్ మీద కనిపించే గుండ్రటి బొమ్మ అలంకారం కోసం పెట్టింది కాదు. నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉన్న తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ బతుకుతుందా అన్న దాని మీద జరిగిన ట్రయల్స్ అవి, ఒక్కో అడ్డగీత ఒక్కో ట్రయల్ ఫలితం. విడివిడిగా చూస్తే చాలావరకు అటూ ఇటూ తేలవు. అన్నీ కలిపిన ఫలితం కింద ఉన్న డైమండ్ గుర్తు, అది స్పష్టంగా లాభం వైపు పడింది. మొదటి ట్రయల్ అచ్చయింది 1972లో. కలిపి చూసేదాకా చాలామంది డాక్టర్లు ఆ ఇంజెక్షన్ ఇవ్వలేదు. ఇవాళ మన ప్రసూతి వార్డుల్లో ఇచ్చే డెక్సామెథసోన్ ఆ కోవదే.

ఇక్కడ మన ఊరి కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. ఉస్మానియా మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్ల కోసం కాపు కాసేటప్పుడు ఒక పెద్ద డాక్టర్ గారు చెప్పారు. ఆ కాలేజీ నిజాంల కాలంలో హైదరాబాద్ మెడికల్ స్కూల్. అప్పట్లో దాని ప్రిన్సిపల్ ఎడ్వర్డ్ లారీ. మత్తుకిచ్చే క్లోరోఫాం గుండెని ఆపేస్తుందా, ఊపిరినా అన్నది అప్పట్లో పెద్ద తగువు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బులిచ్చి 1888, 1889ల్లో రెండు క్లోరోఫాం కమిషన్లు వేయించాడు. రెండోదానికి లండన్ నుంచి ఒక నిపుణుణ్ని పంపడానికి లాన్సెట్ అనే వైద్య పత్రికకి వెయ్యి పౌన్లు ఇచ్చాడు. కుక్కల మీద, కోతుల మీద వందల ప్రయోగాలు చేసి, గుండెకేం కాదు, ఊపిరి గమనించుకుంటే చాలు అని తేల్చారు. లారీ గారు ముందునుంచీ నమ్మిందీ అదే. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన క్లోరోఫాం గుండె లయని నేరుగా చెదరగొట్టగలదని చూపించాడు. అంత ఖర్చు, అంత శ్రద్ధ, అయినా తప్పు జవాబు. కాక్రేన్ రివ్యూల్లో ఒక్కో ట్రయల్ పక్కన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చుక్కలు పెట్టి పక్షపాతం ఎక్కడ దూరగలదో చూపిస్తారు. లారీ గారి కమిషన్ పక్కన ఏ రంగు పడేదో మీరే ఊహించుకోండి.

ఇక నా ఫిర్యాదులు. మొదటిది భాష. సాదా భాషలో రాసిన సారాంశాలు చాలా భాషల్లోకి మారుస్తున్నారు. స్పానిష్, ఫ్రెంచ్, జపనీస్, మలయ్ కనిపించాయి. నేను తెరిచిన ఏ పేజీలోనూ తెలుగు లేదు. అమ్మకి నేనే చదివి చెప్పాల్సి వచ్చింది. మధ్యలో రెప్ ఉండాల్సి వచ్చిందంటే సైట్ ఓడిపోయినట్టే కదా.

రెండోది, ఫోన్‌లో ఆ పట్టికలు చూడటం నరకం. కుడివైపుకి జరిపితే ఎడమవైపు పోతుంది. పూర్తి రివ్యూ వంద పేజీలు దాటుతుంది. నేను సారాంశం, పట్టిక మాత్రం కోఠిలో జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించాను.

మూడోది పెద్దది. ఆ ట్రయల్స్‌లో మనుషుల సగటు వయసు 46 నుంచి 65 మధ్య. అమ్మ అంచు దాటి ఉంది. పైగా చాలా ట్రయల్స్ పడమటి దేశాలవి. అక్కడి స్కోర్లలో నేలమీద బాసీపట్టు వేసుకుని కూర్చుని పప్పు ఏరడం, పీట మీంచి లేవడం లెక్కలోకి వచ్చినట్టు నాకు కనిపించలేదు. అమ్మ బాధంతా ఆ పీట దగ్గరే.

నాలుగోది, ఆపరేషన్ వద్దంటే మరేం చెయ్యాలో అదే పేజీలో చెప్పదు. ఇంకో రివ్యూ వెతుక్కోవాలి. మోకాళ్ల అరుగుదలకి వ్యాయామం మీద 2024లో తిరగరాసిన రివ్యూ ఉంది, 139 ట్రయల్స్‌తో. ఏమీ చెయ్యనివాళ్లతో పోలిస్తే నొప్పి వందకి 13 పాయింట్ల దాకా తగ్గింది. డమ్మీ వైద్యంతో పోలిస్తే 9కి దగ్గర. ఆ మాత్రం తగ్గుదల పేషెంట్‌కి తెలుస్తుందో లేదో ఖాయంగా చెప్పలేమని కూడా వాళ్లే రాశారు. వ్యాయామం సంగతిలో కూడా డబ్బా కొట్టకపోయేసరికి ఆపరేషన్ గురించి చెప్పింది నాకు ఇంకా నమ్మబుద్ధయింది.

ప్రింట్లు పట్టుకుని మళ్లీ ఆ సర్జన్ దగ్గరికి వెళ్లాం. వాదనకి దిగుతాడని టెన్షన్ పడ్డాను. ఆయన పై కాగితం చూసి నవ్వి, "ఇది మా పీజీ సెమినార్‌లో నేనే ప్రెజెంట్ చేశాను సార్" అన్నాడు. నేను ఏమనాలో తెలియక ఊరుకున్నాను. ఆయనే తలుపు వైపు ఒకసారి చూసి, "ఫిజియోథెరపీ మూడు నెలలు చేయించండి. తొడ కండరం గట్టిపడాలి. తగ్గకపోతే అప్పుడు చూద్దాం. కాలు ముడుచుకుని మళ్లీ చాపలేకుండా ఇరుక్కుపోతే మాత్రం ఆలస్యం చెయ్యకండి, అది వేరే కథ" అన్నాడు. ఆ ఆఖరి ముక్క నేను ప్రింట్ తీయించిన కాగితాల్లో లేదు. డాక్టర్‌కి ఇచ్చిన రూ.800 ఫీజు సార్థకమైంది అక్కడే.

రేటింగ్ అడిగితే అయిదుకి నాలుగు ఇస్తాను. పోయిన ఒక్కటి తెలుగు లేనందుకు.

అమ్మ ఇప్పుడు రోజూ పొద్దున మంచం అంచున కూర్చుని, చీలమండకి అరకిలో ఇసుక సంచి కట్టుకుని, కాలు చాపి పది లెక్క పెడుతోంది. పదకొండో వారం నడుస్తోంది. మెట్రో మెట్లు ఎక్కడం కాస్త నయం, దిగడం ఇంకా అలాగే ఉంది. మొన్న కాలు చాపి పట్టుకుని, ఆరు దగ్గర లెక్క ఆపి అడిగింది, "ఆ వందమందిల గిట్ల ఇసుక సంచి కట్టుకున్నోళ్లు ఎందరు బిడ్డా? వాళ్లకి పీట మీదికెల్లి లేవస్తుందటనా?"

"అది రాయలేదమ్మా" అన్నాను.

"రాయమను" అని ఏడు నుంచి మళ్లీ లెక్క మొదలుపెట్టింది.