ఆరేళ్ల గోబర్ గ్యాస్: పెళ్లి అన్నం వేశాక ఏమైందంటే

మాది ఆదిలాబాద్ జిల్లా. ఇంటి వెనక రోజుకు రెండు ఘనపు మీటర్ల గ్యాస్ ఇచ్చే దీనబంధు రకం (గ్యాస్ నిలిచేది ఇటుకల డోమ్‌లో) గోబర్ గ్యాస్ కట్టించి ఆరేళ్లు దాటింది. ఎవరడిగినా ఇన్నాళ్లూ నేను చెప్పిన మాట ఒకటే, "మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు వేయండి, గ్యాస్ దంచుతుంది" అని. అబద్ధం కాదు, బర్రె అరిగించుకుని వదిలేసిన పేడ కంటే అన్నంలో సత్తువ ఎక్కువే. కానీ ఎంత వేయాలో చెప్పకుండా ఆ మాట చెప్పకూడదని పోయినేడు మా చెల్లి పెళ్లికి తెలిసింది.

మిగిలిన అన్నం, పులిహోర పారేయడం ఎందుకని రెండు రోజుల్లో క్వింటాలుకు పైనే తొట్టిలో కలిపి వదిలాను. మూడో రోజు ప్రెజర్ మీటర్ ఫుల్. అమ్మ పొయ్యి వెలిగిస్తే మాత్రం అగ్గిపుల్ల పెట్టినంతసేపే మంట, తీస్తే ఆరిపోతోంది. పైపులో నీళ్లు చేరాయేమోనని విప్పి చూశాం, లేవు. బయటికొచ్చే స్లర్రీ (గ్యాస్ పోగా మిగిలిన పేడనీళ్లు) మీద నురగ, పులిసిన కుడితి వాసన. అగ్రికల్చర్ చదివే మా అన్న కొడుకు పీహెచ్ పేపర్ ముంచితే 5.5 చూపించింది, ఉండాల్సింది 7 దగ్గర, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువన్నమాట. అన్నాన్ని ఆమ్లంగా మార్చే బ్యాక్టీరియాది పరుగు, ఆ ఆమ్లాన్ని మండే గ్యాస్, అంటే మీథేన్ చేసేవాటిది నిదానం, పైగా పులుపు పెరిగితే అవి పనే మానేస్తాయి. డోమ్‌లో నిండింది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, అదేం మండుతుంది!

చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకుని గ్యాసంతా వదిలేశాం. పది రోజులు ఏమీ వేయలేదు. సున్నపు తేట కొద్దికొద్దిగా పోసి, పక్క ఊళ్లో బాగా నడుస్తున్న ప్లాంటు నుంచి బకెట్లతో స్లర్రీ తెచ్చి పాలల్లో తోడు వేసినట్టు వేసి, పది కిలోల పేడతో మళ్లీ మొదలుపెట్టాం. నాలుగో వారంలో నీలం మంట నిలబడింది. అమ్మ గిన్నె పెట్టకుండా కాసేపు దాన్నే చూస్తూ నిలుచుంది.

ఇప్పుడు రోజుకు 50 కిలోల పేడ, అన్నే నీళ్లు, వంటింటి చెత్త మూడు కిలోలు దాటనివ్వను. చలికాలం బాధ మాత్రం తీరలేదు. మీథేన్ చేసే బ్యాక్టీరియాకు 35 డిగ్రీల దగ్గర హాయి, ఇక్కడ డిసెంబరు రాత్రులు పది లోపుకు పడిపోతాయి, గ్యాస్ సగమైపోతుంది. డోమ్ మీద గడ్డి పరిచి, ఎండకు కాగిన నీళ్లతో మధ్యాహ్నం పేడ కలిపితే కొంత నయం.

నాలుగు బర్రెలు, బోరు, పొద్దున్నే పేడ ఎత్తే నాన్న ఉన్నారు కాబట్టి మాకు గిట్టింది. రెండు బర్రెలే ఉంటే ఒక ఘనపు మీటరుది చాలు. సంక్రాంతి దాటేదాకా మేమూ ఒక సిలిండర్ ఉంచుకుంటాం.