వరండా కెమెరా, మా గౌరి: మూడేళ్ల వాడకం తర్వాత

నల్లగొండలో మా ఇంటి వరండా గోడకు బిగించిన వైఫై కెమెరాకు ఈ వేసవితో మూడేళ్లు నిండాయి. దొంగల భయంతో కొన్నది కాదు. నేను మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తాను. పొద్దున బస్సెక్కితే ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. గేటు తీయగానే మా నాటు కుక్క గౌరి మీదికి దూకేది. ఒకసారి అమ్మను గడప దగ్గర పడేసింది కూడా. "గొలుసు వేసి కట్టెయ్యి నాయనా" అంది అమ్మ. కట్టే ముందు అది అసలు ఏమి చేస్తోందో కళ్లారా చూడాలనుకున్నాను.

కెమెరా 2,600 రూపాయలు, మెమరీ కార్డు వేరే. పగటి బొమ్మ బాగుంటుంది, రాత్రి నలుపు తెలుపుల్లోనూ పనికొస్తుంది. నాకు ఎక్కువగా ఉపయోగపడింది మాత్రం శబ్దం. నా స్కూటర్ చప్పుడు మైకుకు అందకముందే, తులసికోట పక్కన పడుకున్న గౌరి చెవి ఒకటి లేస్తుంది. తర్వాత ముందుకాళ్లు చాచి ఒళ్లు విరుచుకుంటుంది, ఆవులిస్తుంది, ఒక తుమ్ము తుమ్మి గేటు దగ్గరికి వెళుతుంది. నేను లోపలికి రాగానే చెవులు వెనక్కి అణిగిపోతాయి, కళ్లు సగం మూతపడతాయి, తోకతో పాటు నడుమంతా ఊగుతుంది. ఆ మెత్తదనమే సంతోషానికి గుర్తు.

కరెంటు బిల్లు తీసే మనిషి వచ్చినప్పుడూ తోక ఊపుతుంది. కానీ అది నిటారుగా, బిగుసుకుని, కొద్దికొద్దిగా కదులుతుంది. నోరు మూసుకుని ఉంటుంది, ఒళ్లు కదలదు. "తోక ఊపుతోంది కదా, ఏమీ అనదు, రండి" అని ఎంతమందికి చెప్పామో తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది.

దూకడం సంగతీ కెమెరాలోనే తేలింది. వేటనుంచి వచ్చిన తోడేలు మూతిని పిల్లలు నాకి తిండి అడుగుతాయి. కుక్క మన ముఖం కోసం ఎగబాకడం ఆ పాత అలవాటుకు దగ్గరిదే. నేనేమో చేతులు పైకెత్తి "దిగు, దిగు" అని అరిచేవాణ్ని. నా చేతులు ఎంత పైకి లేస్తే అది అంత ఎత్తుకు ఎగరడం వీడియోలో స్పష్టంగా కనిపించింది. ఇప్పుడు చెప్పులు విడవకుండానే మెట్టు మీద కూర్చుంటాను. నాలుగు కాళ్లూ నేల మీదే ఉంచి వచ్చి, గడ్డం నాకి, నిమిషంలో నీళ్ల గిన్నె దగ్గరికి వెళుతుంది. అమ్మ కూడా అరుగు మీద కూర్చునే "రావే తల్లీ" అంటుంది. గొలుసు మాట మళ్లీ రాలేదు.

కుక్కను అరగంట వదిలి వచ్చినప్పటికంటే రెండు గంటలు వదిలి వచ్చినప్పుడు ఎదురుకోలు ఎక్కువగా ఉంటుందని స్వీడన్ పరిశోధకులు 2011లో రాశారు. మా ఇంట్లోనూ అంతే. పాల ప్యాకెట్టు తెచ్చి పది నిమిషాల్లో వస్తే తోకతో నేలను రెండు దెబ్బలు కొట్టి ఊరుకుంటుంది. యజమానిని చూస్తే తోక కుడివైపు ఎక్కువ ఊగుతుందని ఇటలీవాళ్లు 2007లో చూపించారు. దాన్ని పట్టుకోవడం ఈ కెమెరా వల్ల కాలేదు. సాయంత్రం వెలుతురులో తోక చెదిరిన మసకలా పడుతుంది.

కరెంటు పోయి వస్తే కెమెరా మళ్లీ వైఫైకి కలవడానికి చాలాసేపు పడుతుంది, ఇన్వర్టర్‌కు కలపండి. బల్లి పాకినా, తెర ఊగినా ఫోను మోగుతుంది. రెండో ఏట కార్డు పాడై, గౌరి కుర్రతనపు వీడియోలన్నీ పోయాయి. మంచివి ఎప్పటికప్పుడు ఫోనులోకి దించుకోండి.

ఒక్కటి మాత్రం వాడకండి. స్పీకరులోంచి మాట్లాడే వీలుంది. ఒక మధ్యాహ్నం మిల్లు నుంచి "గౌరీ" అని పిలిచాను. లేచి పెరడంతా వెతికింది. గేటు సందులో ముక్కు పెట్టి సన్నగా మూలుగుతూ నిలబడింది. అమ్మ పెట్టిన అన్నం ముట్టలేదు. నేను వచ్చేదాకా అక్కడినుంచి కదలలేదు.