కెమెరా సంచితో హైదరాబాద్ ఆటల యాత్ర: ఎక్కడ ఆపుతారు, ఎక్కడ రానిస్తారు

హైదరాబాద్‌లో ఆటలు చూడటానికి బయటి ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లకు టికెట్ల గురించి, రైళ్ల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కెమెరా గురించి చెప్పేవాళ్లే తక్కువ. ఖమ్మం నుంచి మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని ఆటలకు వెళ్లడం నాకు ఎప్పటి నుంచో అలవాటు. ఆట ఎంత ఇష్టమో, దాన్ని ఫొటో తీయడమూ అంతే ఇష్టం. అందుకే బస ఎక్కడ, ప్రయాణం ఎలా అన్న లెక్కలన్నీ కెమెరాను దృష్టిలో పెట్టుకునే వేసుకుంటాను.

ముందుగా ఉప్పల్. రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియంలోకి ప్రేక్షకుడు కెమెరా తీసుకెళ్లడానికి వీల్లేదు. మ్యాచ్‌కు ముందు పోలీసులు ప్రకటించే నిషేధిత వస్తువుల జాబితా చాలా పొడుగు. కెమెరాలు, ల్యాప్‌టాప్‌లు, బ్యాటరీలు, బైనాక్యులర్లు, నీళ్ల సీసాలు, హెల్మెట్లు, సెంటు సీసాలు, లైటర్లు, బ్యానర్లు, బ్యాగులు, బయటి తినుబండారాలు, ఆఖరికి రాసుకునే పెన్నులు కూడా అందులో ఉంటాయి. ఫోనుకు మాత్రం అనుమతి ఉంది. గేటు దగ్గర తనిఖీ చేసే కానిస్టేబుళ్లతో వాదించి లాభం లేదు. వాళ్ల చేతిలో ఉన్నది పైనుంచి వచ్చిన జాబితా. ఒకసారి మా ముందు వరుసలో ఓ కుర్రాడు చిన్న కెమెరా మెడలో వేసుకుని వచ్చాడు. "బాబూ, ఇది లోపలికి రాదు. దాచిపెట్టడానికి మా దగ్గర చోటు లేదు. ఎక్కడైనా పెట్టి వస్తే పంపిస్తాను" అని కానిస్టేబుల్ మర్యాదగానే చెప్పాడు. ఆ కుర్రాడు వరుసలోంచి పక్కకు జరిగి, ఎవరికో ఫోను చేస్తూ, మెడలోని పట్టీని చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడ్డాడు. మేము లోపలికి వెళ్లేదాకా అక్కడే ఉన్నాడు.

తనిఖీల కారణాలు నాకు తెలుసు, వాటిని గౌరవిస్తాను. 1996 ప్రపంచకప్ సెమీఫైనల్లో కలకత్తా ఈడెన్ గార్డెన్స్ ప్రేక్షకులు మైదానంలోకి సీసాలు విసిరితే ఆట ఆగిపోయింది, మ్యాచ్‌ను శ్రీలంకకు ఇచ్చేశారు. 2010 ఏప్రిల్‌లో బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర ఐపీఎల్ మ్యాచ్‌కు ముందు బాంబులు పేలాయి. హైదరాబాద్ సంగతికొస్తే, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు జరిగాయి. పది రోజులు తిరక్కుండానే ఉప్పల్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు మొదలైంది. పుజారా డబుల్ సెంచరీ కొట్టిన మ్యాచ్ అదే. ఆ రోజులు గుర్తున్నవాళ్లెవరూ బ్యాగు తెరిచి చూపించమంటే విసుక్కోరు.

అయితే కెమెరాను ఆపడంలో భద్రత ఒక్కటే కారణం కాదు. 2023 నుంచి 2027 దాకా ఐదేళ్ల ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. అంత సొమ్ము పోసి కొన్న దృశ్యాలను గ్యాలరీలోంచి ఎవరో తీసి వాడుకుంటారన్న జాగ్రత్త నిర్వాహకులకు ఉంటుంది. మైదానం అంచున కూర్చునే పత్రికా ఫొటోగ్రాఫర్లకు వేరే గుర్తింపు కార్డులుంటాయి. మనం కొనేది ఆట చూసే టికెట్ మాత్రమే. ఈ వాదన నాకు అర్థమవుతుంది. కానీ ఇప్పటి ఫోన్లలో కొన్నింటికి ఐదు రెట్లు దగ్గరగా చూపే లెన్సులున్నాయి, పాత చిన్న కెమెరాల్లో చాలావాటికి అంత శక్తి లేదు. అయినా ఫోను లోపలికి వెళ్తుంది, కెమెరా బయట ఉండిపోతుంది. అడ్డు చెప్పదలిస్తే లెన్సును బట్టి చెప్పాలి. వింబుల్డన్‌లో చేసేది అదే. 300 మిల్లీమీటర్లు దాటిన లెన్సులు వద్దంటారు (ఈ అంకె ఎంత పెద్దదైతే లెన్సు దూరాన్ని అంత దగ్గరగా చూపిస్తుంది), అంతకు తక్కువైతే తెచ్చుకోనిస్తారు. అమెరికాలో అగస్టా గోల్ఫ్ మైదానంలో పద్ధతి ఇంకోలా ఉంటుంది. మాస్టర్స్ పోటీలు జరిగే రోజుల్లో కెమెరా కుదరదు, ముందు జరిగే సాధన రోజుల్లో సొంత జ్ఞాపకం కోసం తీసుకోవచ్చు. ఫోన్లను మాత్రం ఏ రోజూ రానివ్వరు. ఈ రెండు చోట్లా నియమం కఠినమైనదే, కాకపోతే ప్రేక్షకుడికి కొంత చోటు మిగిల్చింది.

ఉప్పల్‌లో ఫోనుతో ఎలాంటి ఫొటో వస్తుందో లెక్క చెబుతాను. గ్యాలరీ నుంచి పిచ్ దాదాపు వంద మీటర్ల దూరం అనుకోండి. ఫోను మామూలు లెన్సులో ఆరడుగుల బ్యాటర్ ఫొటో ఎత్తులో యాభయ్యో వంతు మాత్రమే కనిపిస్తాడు. ఐదు రెట్ల లెన్సుతో పదో వంతు. పెద్ద కెమెరాకు 400 మిల్లీమీటర్ల లెన్సు తగిలిస్తే మూడో వంతు దాకా నిండుతాడు, బ్యాటుకు బంతి తగిలేటప్పుడు ముఖం కూడా పట్టుకోవచ్చు. నేను ఫోనుతో తీసిన ఫొటో చూసి మా మేనల్లుడు "మామయ్యా, ఇందులో కొట్టినవాడు ఎవరు?" అని అడిగాడు. అప్పటి నుంచి ఉప్పల్‌లో ఆటగాళ్ల జోలికి పోవడం మానేశాను. ఫ్లడ్‌లైట్లు వెలిగే సంధ్యవేళ ఆకాశాన్ని, సిక్సర్ పడ్డప్పుడు ఒక్కసారిగా లేచే జనాన్ని తీస్తాను. వాటికి ఫోను వెడల్పు లెన్సే సరైనది. ఎండ తగలని పై స్టాండు టికెట్ దొరికితే ఈ రకం ఫొటోలకు ఇంకా బాగుంటుంది.

గచ్చిబౌలి అనుభవం పూర్తిగా వేరు. అక్కడి ఇండోర్ స్టేడియంలోనే 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు జరిగాయి. చైనా ఆటగాడు లిన్ డాన్ గెలిచిన ఏడాది అది. భద్రత భయంతో ఇంగ్లండ్ జట్టు వెనక్కు వెళ్లిపోయిందీ అప్పుడే. బ్యాడ్మింటన్‌లో ప్రేక్షకుడు అన్నిటికంటే ముందు పాటించాల్సింది ఫ్లాష్ వెలిగించకపోవడం. షటిల్ కోసం తల పైకెత్తిన ఆటగాడి కంట్లో ఆ వెలుగు పడితే ఒక పాయింటు పోయినట్టే. గ్యాలరీ నుంచి కోర్టును వెలిగించేంత బలం ఫోను ఫ్లాష్‌కు ఉండదు కాబట్టి ఫొటోకూ అది ఎందుకూ కొరగాదు. చాలామంది ఫోన్లలో ఫ్లాష్ దానంతటదే వెలిగేలా ఉంటుంది. సీట్లో కూర్చోగానే దాన్ని ఆపేయండి, పక్కన పిల్లలుంటే వాళ్ల ఫోన్లలోనూ ఆపించండి. ఈ నగరంలో ఎంతమంది పిల్లలు తెల్లవారకముందే లేచి రాకెట్ పట్టుకుని అకాడమీలకు వెళ్తున్నారో చూసినవాళ్లకు ఈ జాగ్రత్త ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

2024 అక్టోబరులో ప్రో కబడ్డీ 11వ సీజన్ మొదలైంది ఇదే ఆవరణలోని ఇండోర్ స్టేడియంలో. ఫోనుతో ఆటను ఫొటో తీయాలంటే హైదరాబాద్‌లో కబడ్డీకి మించినది లేదు. మ్యాటు 13 మీటర్ల పొడుగు, 10 మీటర్ల వెడల్పు, అంతే. టీవీ కోసం పెట్టే లైట్లు పట్టపగలులా ఉంటాయి. కింది వరుసల్లో టికెట్ తీసుకుంటే రెయిడర్ గీత దాటి వేళ్లు చాచడం, డిఫెండర్ల చేతుల గొలుసు బిగుసుకోవడం రెండూ ఒకే ఫొటోలో పడతాయి. కింది వరుసకు ఇచ్చే అదనపు సొమ్ము ఇక్కడ దండగ కాదు. ఉప్పల్‌లో అదే సొమ్ము పెట్టినా ఫోనుకు పిచ్ దగ్గర కాదు.

ఇక బస. ఉప్పల్‌కూ గచ్చిబౌలికీ రెంటికీ వెళ్లాలంటే మెట్రో నీలం మార్గం పొడవునా ఎక్కడైనా గది తీసుకోండి. నాగోల్ వైపు స్టేడియం పేరుతోనే ఒక స్టేషన్ ఉంది, దిగి నడిస్తే ఉప్పల్ గేట్లు. రెండో కొసన రాయదుర్గం ఉంది, అక్కడి నుంచి గచ్చిబౌలి స్టేడియానికి ఆటో పట్టుకోవాలి. సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల లాడ్జీలు రైలు దిగేవాళ్లకు అనువు, అద్దె కూడా తక్కువ. కాకపోతే రాత్రంతా చప్పుడు. అమీర్‌పేట, బేగంపేట వైపు గదులకు కొంచెం ఎక్కువ పెట్టాలి. అక్కడి నుంచి రెండు వైపులకూ నేరుగా రైలుంది. నా ఓటు అటే. ఐపీఎల్ రాత్రుల్లో మెట్రో సాధారణంగా వేళలు పొడిగిస్తుంది, ఆర్టీసీ ఉప్పల్‌కు ప్రత్యేక బస్సులు నడుపుతుంది. ఆ రోజు ప్రకటన చూసుకుని బయల్దేరితే చాలు. మ్యాచ్ అయ్యాక ఆటో బేరం మాత్రం పెట్టుకోవద్దు.

గది చూసేటప్పుడు మంచం, గీజరు కంటే ముందు నేను అల్మారా చూస్తాను. మ్యాచ్‌కు వెళ్లినంతసేపూ కెమెరా అక్కడే ఉండాలి మరి. ఒక లాడ్జీలో అల్మారా తలుపుకు తాళం ఉండాల్సిన చోట గుండ్రటి రంధ్రం, దాని పైనే "విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు" అన్న కాగితం. అప్పుడే సంచి సర్దుకుని బయటికి వచ్చేశాం. అమీర్‌పేట దగ్గర ఇంకో చోట కౌంటర్‌లో కూర్చున్నాయన కెమెరా, లెన్సుల నంబర్లు పుస్తకంలో రాసుకుని, మా ఎదుటే ఇనుప బీరువాలో పెట్టి చీటీ ఇచ్చాడు. "సార్, తిరిగొచ్చేసరికి నేను లేకపోయినా ఈ చీటీ చూపిస్తే ఇస్తారు" అన్నాడు. అర్ధరాత్రి దాటాక వచ్చినా మారు మాట లేకుండా తీసిచ్చారు. ఇప్పుడు బుక్ చేసేముందు ఫోనులో అడిగేది ఈ ఒక్క సంగతే. గది తీసుకోకుండా ఒక్క రోజుకు వచ్చి పోయేవాళ్లు రైల్వే స్టేషన్ క్లోక్‌రూమ్ వాడుకోవచ్చు. తాళం వేసిన సంచినే తీసుకుంటారు, ప్రయాణ టికెట్ చూపించాలి. స్టేడియం దగ్గరి దుకాణాల్లో డబ్బులు తీసుకుని సంచులు ఉంచుకునేవాళ్లు ఉంటారు. హెల్మెట్‌కైతే పరవాలేదు గానీ, లక్ష రూపాయల లెన్సును నేనైతే అక్కడ వదలను.

నా అభ్యర్థన చిన్నది. తిరుమలలో రోజూ వేలమంది దర్శనానికి ముందు ఫోన్లూ కెమెరాలూ అప్పగించి, తర్వాత మళ్లీ తీసుకుంటున్నారు. అంత రద్దీలో సాధ్యమైంది ఏడాదికి కొద్ది రోజులే మ్యాచ్‌లు జరిగే స్టేడియంలో ఎందుకు సాధ్యం కాదు? డబ్బులు తీసుకునే పెట్టనివ్వండి. ఇదే నగరంలో చౌమహల్లా ప్యాలెస్‌కు వెళితే కెమెరాకు వేరే టికెట్ కొట్టి లోపలికి పంపిస్తారు. రంజీ మ్యాచ్‌లకు, జూనియర్ పోటీలకు, స్టాండ్లు సగం ఖాళీగా ఉండే రోజులకు అలాంటి టికెట్ పెడితే ప్రసార హక్కులకు వచ్చే నష్టం ఏముంది? ఆ ఫొటోలు చూసి ఆటవైపు వచ్చే పిల్లలుంటారు. ఏ పత్రికా పట్టించుకోని కుర్ర బౌలర్ ఇంట్లో గోడకు ఒక మంచి ఫొటో ఉంటుంది.

పెద్ద కెమెరా బయటికి తీయాలనుకుంటే నగరం నడిబొడ్డునే చోటుంది. జులై గాలుల్లో హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. టికెట్ లేదు, గేటు లేదు. ఉదయం పూట ట్యాంక్‌బండ్ మీద నిలబడితే సూర్యుడు వెనుక ఉంటాడు, తెరచాపలు తెల్లగా మెరుస్తాయి. మధ్యాహ్నం దాటాక నెక్లెస్ రోడ్డు వైపుకు మారాలి. అప్పుడు పడవల వెనుక బుద్ధ విగ్రహం కూడా వెలుతురులోనే వస్తుంది. లెన్సు 300 అయినా సరిపోతుంది, పడవలు మలుపు తిరిగే చోట ఒడ్డుకు దగ్గరగా వచ్చినప్పుడు ఇంకా తక్కువైనా చాలు. వాన చినుకులకు ప్లాస్టిక్ కవరు తప్పనిసరి. ఆగస్టు చివరలో హైదరాబాద్ మారథాన్ నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర చీకటితోనే మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. దానికోసమైతే ఖైరతాబాద్ దగ్గర గది తీసుకుని, మొదలయ్యే చోటు వదిలేసి, తెల్లవారిన తర్వాత దారిలో ఏదైనా ఎత్తు ఎక్కే చోట నిలబడండి. పరుగెత్తేవాళ్ల ముఖాల్లో అలసట, పట్టుదల కనిపించేది అక్కడే.