వీధి సమస్య సభకెక్కాలంటే వాయిదా తీర్మానమా, సావధాన తీర్మానమా, చుక్క లేని ప్రశ్నా: ఏది మేలు?

మా లేఅవుట్ బెంగళూరు తూర్పు పక్క, పల్లంలో ఉంది. గట్టి వాన పడితే రాజకాలువె పొంగి నీళ్లు గేటు దాటి లోపలికొస్తాయి. రాజకాలువె అంటే ఇక్కడ ఒక చెరువు నిండితే కింది చెరువుకు నీళ్లు పారే పెద్ద కాలువ. ఇప్పుడు సగం కాలువ మీద గోడలున్నాయి. మా అరవై ఇళ్లలో సగం మంది అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల వాళ్లం. రెండేళ్ల కిందట అక్టోబరులో నీళ్లొచ్చిన మర్నాడు మీటింగ్ పెడితే అందరిదీ ఒకటే మాట: "ఎమ్మెల్యేతో అసెంబ్లీలో ఎత్తించాలి." ఎత్తించాలి, సరే. ఏ దారిలో? దాని మీదే రెండు వారాలు వాదన నడిచింది.

ఎమ్మెల్యే దాకా ఎందుకు, కార్పొరేటర్‌ను పట్టుకోవచ్చు కదా అని ఊళ్లో వాళ్లు అడుగుతుంటారు. బీబీఎంపీ, అంటే బెంగళూరు నగర కార్పొరేషన్, పాలకమండలి గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. మళ్లీ ఎన్నికలు లేకుండానే ఐదేళ్లు గడిచాయి, 2025లో ఆ ఒక్క కార్పొరేషన్‌ను ఐదు ముక్కలు చేశారు. ఆ ఐదేళ్లూ మేం ఓటేసి గెలిపించిన వాళ్లలో వీధి కాలువ గురించి అడగదగ్గ మనిషి ఎమ్మెల్యే ఒక్కరే.

మీటింగ్‌లో ఎక్కువ మంది వాయిదా తీర్మానం అన్నారు. "వాయిదా తీర్మానాన్ని తిరస్కరించిన స్పీకర్" అనే హెడ్డింగు పేపర్లో చూస్తూ పెరిగిన వాళ్లం, ఆ పేరే ముందు నోటికొస్తుంది. కుర్రాళ్లు జీరో అవర్ అన్నారు, అంటే ప్రశ్నోత్తరాల తర్వాత సభ్యులు సమస్యలను క్లుప్తంగా ప్రస్తావించే సమయం. మా పక్కింటి సారు, హిందూపురంలో హెడ్మాస్టర్‌గా రిటైరైన పెద్దాయన, "అవేవీ వద్దప్పా, రాతలో జవాబొచ్చే ప్రశ్న వేయించండి" అన్నాడు. ఎవరమూ పట్టించుకోలేదు. రెండు సమావేశాలు దగ్గరుండి గమనించాక, మా లాంటి సమస్యకు ఆయన చెప్పిందే మేలైన దారి అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ముందు వాయిదా తీర్మానం సంగతి. కన్నడంలో దీన్ని నిలువళి సూచనె అంటారు, కర్ణాటక విధానసభ నియమాల్లో 60వది. ఆ రోజు పెట్టుకున్న పనంతా పక్కనబెట్టి ఈ ఒక్క విషయం మీదే చర్చించాలని అడగడం. విషయం ఒక్కటే ఉండాలి, ఈ మధ్యే జరిగిందై ఉండాలి, ఆగలేనంత అత్యవసరం కావాలి, కోర్టులో నడుస్తున్న వ్యవహారం కాకూడదు. పైగా ఇందులో ప్రభుత్వాన్ని తప్పుపట్టడం ఉంటుంది కాబట్టి మామూలుగా ప్రతిపక్షమే నోటీసిస్తుంది. అధికార పక్షం ఎమ్మెల్యే దగ్గరికెళ్లి మీ ప్రభుత్వం మీద మీరే వాయిదా తీర్మానం ఇవ్వండి అంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

నోటీసు ఇచ్చినా బెంగళూరులో తరచూ జరిగేది వేరు. ప్రతిపక్ష నాయకుడు 60 కింద నోటీసిచ్చి కాసేపు ప్రస్తావిస్తారు, స్పీకర్ దాన్ని 69వ నియమం కిందికి మార్చి చర్చకు ఒప్పుకుంటారు. అది మనవైపు స్వల్పకాలిక చర్చ లాంటిది. మాట్లాడతారు, మంత్రి జవాబిస్తారు, ఓటింగ్ ఉండదు. దీన్ని నేను తక్కువ చేయను. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు మునిగి, ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లలో ఆఫీసులకెళ్లిన రోజులు గుర్తున్నాయి కదా. ఆ నెలలోనే విధానసభ కూడినప్పుడు వరదల మీద పెద్ద చర్చే జరిగింది. ఊరంతా మునిగితే అలాంటి చర్చే కావాలి. కానీ ఆ చర్చలో మా కాలువ పేరు రాదు. వరద, పరిహారం, ఏ ప్రభుత్వం హయాంలో ఎన్ని ఆక్రమణలు అని మాట పెద్దదైపోతుంది. నాలుగు వందల మీటర్ల కాలువ ఆ పెద్ద మాటల్లో కనిపించకుండా పోతుంది.

అవిశ్వాస తీర్మానం, విశ్వాస తీర్మానం ఇంకా పెద్ద ఆయుధాలు, వీధి సమస్యతో వాటికి పని లేదు. అయినా ఈ ఊళ్లో ఉంటూ వాటిని తల్చుకోకుండా ఉండలేం. ఇక్కడి ముఖ్యమంత్రి ఎస్‌.ఆర్‌. బొమ్మై ప్రభుత్వాన్ని 1989లో రద్దు చేస్తే, ఆ కేసులోనే సుప్రీంకోర్టు 1994లో మెజారిటీ తేలాల్సిన చోటు సభే అని చెప్పింది. 2019 జులైలో కుమారస్వామి ప్రభుత్వం అనుకూలంగా 99, వ్యతిరేకంగా 105 ఓట్లు వచ్చి పడిపోయింది కూడా ఇక్కడి అసెంబ్లీ భవనం విధానసౌధలోనే.

ఇక సావధాన తీర్మానం. కన్నడంలో గమన సెళెయువ సూచనె, 73వ నియమం. అత్యవసరమైన ప్రజా సమస్య మీద సభ్యుడు మంత్రి దృష్టిని తిప్పుతాడు, మంత్రి దాని మీద ప్రకటన చేయాలి. చర్చ ఉండదు, ఓటూ ఉండదు. బ్రిటిష్ పార్లమెంటు నుంచి మనం తెచ్చుకున్నవి చాలా ఉన్నాయి గానీ ఇది మన లోక్‌సభ 1954లో సొంతంగా పెట్టుకున్న పద్ధతి, తర్వాత రాష్ట్రాల సభలకూ వచ్చింది. అధికార పక్షం సభ్యుడు కూడా మొహమాటం లేకుండా వాడుకోవచ్చు. ప్రభుత్వాన్ని తిట్టినట్టుండదు, మంత్రి నోరు విప్పక తప్పదు.

ఇన్ని సుగుణాలున్నా మాకు ఇదీ కుదరలేదు, కారణం క్యాలెండర్. రెండు సమావేశాల మధ్య ఆర్నెల్లకు మించి సందు ఉండకూడదని రాజ్యాంగం 174వ అధికరణం చెబుతుంది. అంటే సభ నెలల తరబడి కూర్చోకపోయినా తప్పు కాదు. మాకు నీళ్లొచ్చేది ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. వర్షాకాల సమావేశాలు కొన్నిసార్లు జులైలోనే అయిపోతాయి. శీతాకాల సమావేశాలు మామూలుగా డిసెంబరులో, అదీ బెళగావిలో, ఇక్కడికి దాదాపు 500 కిలోమీటర్ల దూరాన సువర్ణ విధానసౌధలో. ఎమ్మెల్యే గారు మా నోటీసు ఇచ్చేనాటికి కాలువ ఎండి, పిల్లలు అందులో క్రికెట్ ఆడుతున్నారు. అత్యవసరం అని ఏ మొహం పెట్టుకుని అంటాం? నోటీసు సభ ముందుకు రాకుండానే ఆ సమావేశాలు ముగిశాయి. సభ నడుస్తుండగా నీళ్లొచ్చి ఉంటే మాత్రం ఇంతకన్నా మంచి దారి లేదని ఇప్పటికీ అంటాను.

జీరో అవర్ గురించి రెండు ముక్కలు చాలు. రెండు నిమిషాలు మాట్లాడొచ్చు, క్లిప్ బాగా తిరుగుతుంది, మా గ్రూపులోనూ తిరిగింది. అక్కడికక్కడే పూర్తి జవాబు చెప్పి తీరాలని మంత్రి మీద ఒత్తిడి ఉండదు. "తెప్పించుకుని చెబుతాం" అంటే అక్కడితో అయిపోతుంది.

చివరికి సారు చెప్పిన దారికొచ్చాం. ప్రశ్నలు రెండు రకాలు. చుక్క (నక్షత్రం) గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో నిలబడి జవాబు చెబుతారు, దాని మీద ఉప ప్రశ్నలు వేయొచ్చు. చుక్క లేని ప్రశ్నకు జవాబు కాగితం మీద వస్తుంది, అంతే. వినగానే ఎవరికైనా చుక్క గుర్తుదే గొప్పగా తోస్తుంది. కానీ 224 మంది ఉన్న సభలో ఒక్క గంట ప్రశ్నోత్తరాలు, అందులో నోటితో జవాబు దాకా వచ్చేవి కొన్నే. గొడవ జరిగి సభ వాయిదా పడితే ఆ కొన్నీ పోతాయి. చుక్క లేని ప్రశ్నకు ఆ టెన్షన్ లేదు. సభలో అరుపులున్నా కాగితం తన దారిన తాను వస్తుంది.

మా కాగితం వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పొద్దున ఎనిమిదింటికి ఎమ్మెల్యే గారి ఇంటి దగ్గర ఆయన పీఏ నా చేతిలో జిరాక్స్ పెట్టాడు. రెండు పేజీలు, మధ్యలో నిలువు గీత. ఎడమ పక్క ప్రశ్న, కుడి పక్క జవాబు. ప్రశ్నను అ, ఆ, ఇ, ఈ అని విడగొట్టారు. (అ) దగ్గర "రాజకాలువె ఒత్తువరియాగిరువుదు సర్కారద గమనక్కె బందిదెయే?" అని ఉంది. కాలువ ఆక్రమణకు గురైన సంగతి ప్రభుత్వం దృష్టికి వచ్చిందా అని. ఎదురుగా ఒకే ఒక్క మాట: "బందిదె." వచ్చింది.

ఆ ఒక్క మాట కోసం మేం ఏడాది తిరిగాం. ఏ ఆఫీసుకెళ్లినా "ఇక్కడ కాలువే లేదు, మ్యాప్‌లో చూడండి" అనేవాళ్లు. ఇప్పుడు మంత్రి జవాబులోనే ఉంది. (ఆ)లో ఎన్ని మీటర్లు ఆక్రమణ అయిందో అంకె ఉంది. అదే కాగితం పట్టుకుని అదే ఆఫీసుకు వెళ్తే, ఎప్పుడూ నిలబెట్టి మాట్లాడే మనిషి కుర్చీ చూపించాడు. సర్వే వాళ్లు వచ్చి గోడల మీద ఎర్ర గుర్తులు పెట్టి వెళ్లారు. గోడలు ఇంకా పడలేదు, ఆ మాట కూడా చెప్పాలి. ఎందుకంటే (ఈ) దగ్గర జవాబు ఇదీ: "అనుదానద లభ్యతెయన్ను ఆధరిసి క్రమ వహిసలాగువుదు." నిధుల అందుబాటును బట్టి చర్యలు తీసుకుంటాం అని.

దాన్ని చూసి మా వాళ్లు నీరుగారిపోయారు. సారు మాత్రం "ఇది మాటిచ్చినట్టే లెక్క, దీన్ని పట్టుకోండి" అన్నాడు. మంత్రులు సభకిచ్చిన మాటలు ఎంతవరకు నెరవేరాయో చూడటానికి ఒక కమిటీ ఉంటుంది. ఇక్కడ భరవసెగళ సమితి, మనకైతే ప్రభుత్వ హామీల కమిటీ. లోక్‌సభ కమిటీ అయితే "పరిశీలిస్తాం" అన్న మాటను కూడా హామీ కిందే లెక్కగడుతుంది. మా (ఈ) జవాబును ఇక్కడి కమిటీ దృష్టికి తీసుకెళ్లమని ఎమ్మెల్యే గారికి లెటర్ ఇచ్చాం. జీరో అవర్‌లో గాలికి పోయే మాటకూ, కాగితం మీద నంబరుతో ఉన్న మాటకూ నాకు కనిపించిన తేడా ఇదే.

అర్జీల కమిటీ అని ఇంకొకటి ఉంది. అధికారులను పిలిపించుకుని అడిగే బలం దానికి ఉంది గానీ నెమ్మదిగా నడుస్తుంది, అందుకే మేం దాన్ని చివరికి పెట్టుకున్నాం. కన్నడం రాయడం రాక వెనకాడే మన వాళ్లకు ఒక మాట. ఫిర్యాదును దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చే హక్కును 350వ అధికరణం ఇస్తోంది. సభలోనూ, కన్నడం గానీ హిందీ, ఇంగ్లీషు గానీ సరిగా రాని సభ్యుడు మాతృభాషలో మాట్లాడటానికి 210 కింద స్పీకర్ అనుమతించవచ్చు. అయినా నా సలహా కన్నడంలోనే రాయించమని. చదివే క్లర్కు మనసు పెట్టి చదువుతాడు, మనకూ ఈ ఊరి మీద కాస్త మమకారం ఉన్నట్టు తెలుస్తుంది. మాకు మూడో ఇంటి కోలారు అబ్బాయి రాసిపెట్టాడు.

వచ్చే సమావేశాలకు రెండో ప్రశ్న తయారవుతోంది. నోటీసు చాలా రోజుల ముందే ఇవ్వాలి, ప్రశ్నలకు లాటరీ కూడా ఉంటుంది, అందుకే వానలకు ముందే మొదలుపెట్టాం. నిన్న రాత్రి సారు మా ఇంటికొచ్చి ఎర్ర పెన్ను పట్టుకుని డ్రాఫ్ట్ దిద్దాడు. "గమనక్కె బందిదెయే" అన్న లైను మొత్తం కొట్టేశాడు. "వచ్చిందని ఒప్పుకున్నారు కదా, మళ్లీ ఎందుకు?" అన్నాడు. దాని చోట మూడు లైన్లు రాశాడు. గుర్తు పెట్టిన గోడలెన్ని. ఎస్టిమేట్ ఎంత. టెండరు ఏ తేదీన పిలుస్తారు.