కాకినాడలో చేయించిన బొమ్మ సిపాయిలు: నాలుగు స్టార్లు

మాది అమలాపురం. పాతకాలం యుద్ధాలు బల్ల మీద బొమ్మ సైనికులతో ఆడే పిచ్చి నాకూ మా బావమరిదికీ ఉంది. ఈసారి మన వైపు జరిగిందే ఆడదామంటే అందరూ బొబ్బిలి అన్నారు. కథగా గొప్పదే గానీ ఆటకి పనికిరాదండి. కోటలో ఉన్నవాడికి చావడం తప్ప పనుండదు, ఆ పక్కన కూర్చునేదెవరు?

అందుకని చందుర్తి యుద్ధం పట్టుకున్నాం. 1758 డిసెంబరు, గొల్లప్రోలు దగ్గర. అటు ఫ్రెంచి కాన్‌ఫ్లాన్స్, ఇటు క్లైవ్ బెంగాల్ నుంచి పంపిన కల్నల్ ఫోర్డ్, ఆయన వెంట విజయనగరం ఆనంద గజపతి. ఇంగ్లీషు తెల్ల పటాలం ఏపుగా పెరిగిన మొక్కజొన్న చేను చాటున పడిపోయింది. ఇంగ్లీషు వాళ్ళ కొలువులో ఎర్ర కోట్లేసుకున్న మన సిపాయిలే తెల్లోళ్ళనుకుని ఫ్రెంచివాళ్ళు వాళ్ళ మీద పడ్డారు. తరుముతూ వరసలు చెదిరాక అసలు పటాలం వచ్చి వాళ్ళని విరగ్గొట్టింది. పైగా ఆట అక్కడితో ఆగదు. రాజుగారు ఇస్తానన్న సొమ్ము రాక ఫోర్డ్ రాజమండ్రి దగ్గర వారాల తరబడి ఇరుక్కుపోవడం ఉంది, 1759 ఏప్రిల్ 7 రాత్రి చిత్తడిలో దిగి బందరు కోట మీద పడటం ఉంది. గోదారి నుంచి కృష్ణ దాకా మనకి తెలిసిన ఊళ్ళే.

బొమ్మలు కాకినాడలో ఒక త్రీడీ ప్రింటింగ్ షాపులో చేయించాను. 15 మిల్లీమీటర్లవి 120, ఒక్కోటి 18 రూపాయలు. పది రోజులన్నాడు, ఇరవై నాలుగయ్యాయి. స్టారు తగ్గించింది అందుకే. పని మాత్రం శుభ్రం, కోటు గుండీలు కూడా లెక్కపెట్టొచ్చు. తుపాకీ గొట్టాలే పెళుసు. తొమ్మిది విరిగితే పైసా అడక్కుండా మళ్ళీ పోసిచ్చాడు.

అసలు గొడవ తలపాగాల దగ్గరొచ్చింది. సిపాయిలకి తలపాగా పెట్టమంటే అందరికీ తెల్లోళ్ళ మూడు మూలల టోపీయే పెట్టేశాడు. ఫోన్లో గట్టిగా అరిచాను. ఈలోపు మావాడు, "ఉంచెయ్ బావా, ఎవరెవరో తెలీకపోతేనే కదా ఆట!" అన్నాడు. నిజమే. అన్నిటికీ ఎర్ర రంగేసి, ఎవరు సిపాయో ఎవరు తెల్లోడో అడుగున స్కెచ్ పెన్నుతో రాశాను. మొక్కజొన్న చేనుకి గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే కొబ్బరి పీచు పట్టా కత్తిరించాను. అచ్చం చేనులాగే ఉంది గానీ మా ఆవిడ రెండ్రోజులు మాట్లాడలేదు.

కిందటి ఆదివారం మావాడు ఫ్రెంచి పక్కన ఆడాడు. చరిత్రంతా తెలిసే కూర్చున్నాడు. అయినా వెళ్ళి సిపాయిల మీదే పడ్డాడండి, ఆయ్!